కెరటాన్ని దాటే తెప్ప

ఆదిత్యపూర్‌ను ఒరుసుకొని పారే ఖర్కాయి, జంషెడ్‌పూర్ చేరువలోని దోముహానీ వద్ద సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ సువర్ణరేఖ ఒడిశా తీరాన బంగాళాఖాతాన్ని చేరుతుంది. అదే తీరం వెంట దక్షిణంగా సాగితే పూరీలో పెంఠకటా అనే జాలరిపేట ఉంది. అక్కడివారిలో అధికులు ఆంధ్రతీరం నుండి వలసవెళ్ళిన తెలుగువారి సంతతి.

చైత్రంలో దక్షిణపు గాలి బలపడగానే ఒడ్డున కెరటాలు లేస్తాయి. లోతు తగ్గేకొద్దీ అల అడుగుభాగం వేగం కోల్పోతుంది. శిఖరం ముందుకు వాలి విరిగిపడుతుంది. పడవలు తిరగబడేది అక్కడే. తేలిక దుంగలను తాళ్ళతో బిగించిన తెప్ప మాత్రం మునగదు. పైబడిన నీరు సందులగుండా జారిపోతుంది. జాలరి పెద్ద అలల వరుస గడిచేవరకు ఆగి, ఆ నెమ్మదిలో తెడ్డు వేస్తాడు. నేడు ఫైబరు పడవలు వచ్చినా ఈ ఓర్పు తప్పదు.

చేపలు గుడ్లుపెట్టే కాలమని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటను నిషేధిస్తున్నారు. యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. కాని పిల్లచేపలు, పిల్లరొయ్యలు పెరిగేది ఒడ్డుదరి నీటిలోనే. వలకన్ను మరీ చిన్నదైతే ఆ మినహాయింపే రేపటి కూటికి ముప్పు. అల ముందు ఆగడం తెలిసినవానికి చేపపిల్ల ముందు ఆగడం కష్టమా?