సంరక్షకుని సంతకం

"పాపను చేర్పించడానికొచ్చారా?" అని అడిగారు కూచిపూడి క్లాసులో. "కాదండీ, నేర్చుకునేది నేనే" అన్నాను. నా వయసు 44. గోడ వారగా కూర్చున్న తల్లులు ఒక్కసారి తలెత్తి చూశారు.

దరఖాస్తు కాగితం చివర "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని ఉంది. "మీవారి చేత పెట్టించుకు రండి, సరిపోతుంది" అన్నారు. ఆ మాటలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఇంటి అప్పు కాగితాల మీద సంతకాలు చేశాను. అలాంటి నాకు అడుగులు నేర్చుకోవడానికి సంరక్షకుడు కావాలా? ఆ గడిలో నేనే సంతకం చేసి ఇచ్చాను.

తొమ్మిదేళ్లప్పుడు నాట్యం నేర్చుకుంటానంటే "మనింటి ఆడపిల్లలు గజ్జె కట్టరు" అన్నారు నాన్న. పక్కింటి అమ్మాయిని మాత్రం చేర్పించారు. ఆమె పెళ్లిచూపుల్లో అదొక అర్హతగా చెప్పారు. పెళ్లయ్యాక గజ్జెలు అటకెక్కాయి. వద్దన్నా, నేర్పించినా నిర్ణయం ఆమెదీ కాదు, నాదీ కాదు.

ఈ నాట్యం చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. కూచిపూడి భాగవత మేళాల్లో సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టారు. ఆలయాల్లో, ఆస్థానాల్లో ఆడిన కళావంతుల స్త్రీలకు దక్కింది అపనింద. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధించింది. లైంగిక దోపిడీని ఆపడానికి అది అవసరమే. కాని వారిలో ఎంతోమందికి బతుకుతెరువు, కళాకారులుగా గుర్తింపు రెండూ పోయాయి. తర్వాత నాట్యం పై కులాల ఆడపిల్లలకు గౌరవప్రదమైన అలంకారమైంది. స్త్రీ శరీరం ఎప్పుడు కదలాలో, ఎవరి ముందు కదలాలో నిర్ణయించే అధికారం మాత్రం ఆమె చేతికి రాలేదు.

మా ఇంట్లో ఫీజు గురించి ఎవరూ మాట్లాడలేదు. గొడవంతా వారానికి రెండు రోజులు, సాయంత్రం 6 నుంచి 7 వరకు పోయే ఆ గంట గురించే. "ఈ వయసులో గంతులేమిటి?" అన్నారు మావారు. "మరి వంట?" అన్నాడు మా అబ్బాయి. అసలు ప్రశ్న అదే. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. నా గంట ఎక్కడికి పోయిందో ఆ అంకెలే చెబుతున్నాయి. ఆ రెండు పూటలూ ఇప్పుడు వాళ్లిద్దరే వండుకుంటున్నారు. మొదట్లో అన్నం మాడింది, ఇప్పుడు మాడడం లేదు.

అరమండిలో నిలబడితే మోకాళ్లు నొప్పి పుడతాయి. ఎనిమిదేళ్ల పిల్లలు వారంలో పట్టుకున్న అడుగు నాకు నెల పడుతోంది. నేను రంగస్థలమెక్కకపోవచ్చు. అయినా ఒళ్లు వంచి ఇంతకాలం ఇతరుల కోసం పనిచేసిన దాన్ని, ఆ గంటసేపు నాకోసం వంచుతున్నాను.

ఇది తీరిక ఉన్నవాళ్ల సరదా అని కొందరు మిత్రులంటారు. తీరిక కొందరికే ఉండడం అన్యాయం కాదా? మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు ఆ గంట లేదు. ఆ సంగతి మరిచిపోయి నా హక్కు గురించి మాట్లాడలేను. వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే సమాన హక్కు స్త్రీలకు ఉండాలని, వివక్ష నిర్మూలనకై ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒప్పందం 13వ అధికరణంలో ఉంది. మన దేశం దాన్ని 1993లో ధ్రువీకరించింది.

కనుక ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో, వార్డు కమ్యూనిటీ హాళ్లలో పెద్దవయసు స్త్రీలకు తక్కువ ఫీజుతో, పనిచేసేవాళ్లకు వీలైన వేళల్లో తరగతులు పెట్టాలని అడుగుదాం. ఇంట్లో ఆ గంట పనిని మగవాళ్లు అందుకోవాలని పట్టుబడదాం. దరఖాస్తులో సంరక్షకుని గడి కనిపిస్తే కొట్టేసి, మన పేరే రాద్దాం.