చూసి రావడం కాదు, అడిగి రావాలి

పేదపిల్లల్ని జూకి తీసుకెళ్ళడమంటే మనలో చాలామందికి అదొక పుణ్యకార్యం. పుట్టినరోజు నాడు హాస్టల్లో పండ్లు పంచినట్టే ఇదీ. బస్సు ముందు ఫ్లెక్సీ, పిల్లలందరికీ ఒకే రంగు టోపీ, చేతిలో బిస్కెట్ ప్యాకెట్, గేటు దగ్గర ఫోటో. మా దేవరకొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. చీకటితో లేచి, దారిలో వాంతులు చేసుకుంటూ వెళ్ళిన తండా పిల్లలు 380 ఎకరాల నెహ్రూ జూలో రెండు గంటలు లైను తప్పకుండా నడుస్తారు. "ముట్టొద్దు, అరవొద్దు, ఆగొద్దు, పదండి పదండి!" దీన్ని విజ్ఞానయాత్ర అంటారు. నేనైతే ఊరేగింపు అంటాను.

1963లో తెరిచిన ఆ జూలోనే వేసవి సెలవుల్లో క్యాంపులు పెడతారు. ఫీజు కట్టిన పిల్లలకు పక్కన నిలబడి విడమరిచి చెప్పే మనిషి దొరుకుతాడు. మరి మన పిల్లలకు? కంచె ఇవతలి నుంచి ఒక చూపు, అంతే. ఒకే జూ, ఒకే జంతువు. ఒకరికి చదువు, ఇంకొకరికి వినోదం. నా కోపమంతా ఇక్కడే.

"మేకలు కాసుకునే పిల్లలకు జంతువులేం కొత్త?" అని అడిగేవాళ్ళున్నారు. కొత్త కాదు కాబట్టే వాళ్ళతో మాట్లాడాలి. పత్తిచేలో, గడ్డివాములో, రాత్రి నేలమీద పడుకున్న చాప పక్కన పాము కనిపించేది ఎవరికి? అపార్ట్‌మెంట్ పిల్లలకా? 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏటా 58,000 మంది. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవాళ్ళలో నాలుగోవంతుకు పైగా 15 ఏళ్ళలోపు పిల్లలే.

మన దగ్గర ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు మందు ముఖ్యంగా నాలుగు పాముల కాటుకు చేసింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కాటువేస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు, కదలకుండా ఉంచి మంత్రగాడి దగ్గరికి కాక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. జూలో పాముల్ని అద్దం వెనక చూపిస్తూ, ఒక కుబుసం పిల్లల చేతికిచ్చి, ఈ మాటలు చెప్పేవాళ్ళుంటే ఆ అరగంట ఒక ప్రాణం కాపాడుతుంది. ఏనుగు మీద వంద ఫోటోలు ఆ పని చేయవు.

అడిగి నేర్చుకోవడమంటే పులి తోక పట్టుకోవడం కాదు. జూలో జంతువుల్ని ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారమే నేరం. కావలసింది వేరే. నిశాచర జంతువుల ఇంట్లో పట్టపగలే ఎందుకు చీకటి చేశారో పిల్ల అడగాలి. జంతువులకు తిండి పెట్టే మనిషి ఆగి జవాబు చెప్పాలి. ఆ పిల్ల తన మేకకు రోగమొస్తే వాళ్ళమ్మ ఏం చేస్తుందో చెబితే ఆయనా వినాలి. ఇంట్లో లంబాడీ మాట్లాడే చిన్నపిల్లలకు అర్థం కాకపోతే వాళ్ళ భాషలో చెప్పే ఒక అక్కో అన్నో వెంట ఉండాలి. వీటిలో ఏదీ కోట్లు అడగదు. టోపీలు మానేసి ఆ డబ్బు వెచ్చించినా చాలు.

ఇక ఆ ఫోటోల సంగతి. మన పిల్లలు స్కూలు నుంచి టూర్ వెళ్తే, వాళ్ళ ముఖాలు ఎవరెవరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయో ఆరా తీస్తాం. హాస్టల్ పిల్ల ముఖం పెట్టేముందు ఆమె తల్లిని ఎవరైనా అడుగుతున్నారా? బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాం కదా అని ఆ హక్కు మనకు రాదు.

చందా ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. ఇవ్వండి. ఇచ్చేముందు రసీదుతో పాటు ఒక ప్రశ్నకు జవాబు కూడా అడగండి: "అక్కడ ఈ పిల్లలతో ఎవరు మాట్లాడతారు, ఎంతసేపు?" జవాబు లేకపోతే ఆ బస్సు పిల్లల కోసం కదలడం లేదు, ఫ్లెక్సీ మీద పేరున్నవాళ్ళ కోసం కదులుతోంది.