వారం వారం కిస్తీ అప్పా? సంతకానికి ముందే లెక్క చూసుకోండి

విత్తనాలకు, ఎరువులకు చేతిలో డబ్బు లేని రోజుల్లోనే మైక్రోఫైనాన్స్ సిబ్బంది ఊళ్లోకి వస్తారు. తనఖా అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలంటారు. అప్పు ఎక్కువగా ఇంట్లో ఆడవారి పేరు మీదే రాస్తారు.

2010లో వసూళ్ల వేధింపులు శ్రుతిమించడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. ఆ దెబ్బతో ఈ సంస్థలు మన పల్లెల్లో చాలావరకు వెనక్కి తగ్గాయి. అయితే రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. వాటికి దారి మళ్లీ తెరుచుకుంది. కాబట్టి లెక్క మీకు తెలిసి ఉండాలి.

రూ.40,000 అప్పు, వారానికి రూ.900 చొప్పున 52 వారాలు అనుకుందాం. మొత్తం కట్టేది రూ.46,800. వడ్డీ రూ.6,800 కాబట్టి 17 శాతమే, అంటే నూటికి రూపాయిన్నర కూడా కాదు అనిపిస్తుంది. కానీ రూ.40,000 ఏడాదంతా మీ దగ్గర ఉండదు. మరుసటి వారం నుంచే అసలు తరుగుతుంది, ఏడు నెలలు దాటేసరికి సగం కూడా మిగలదు. మీ దగ్గర నిజంగా ఉన్న డబ్బు మీద లెక్కేస్తే వడ్డీ సుమారు 32 శాతం. మన లెక్కలో రెండున్నర రూపాయల పైమాటే. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడిని తిట్టుకుంటాం!

అంతకన్నా పెద్ద చిక్కు కిస్తీ పడే వేళ. జూన్‌లో పత్తి పెడితే మొదటి తీత డబ్బు చేతికొచ్చేది అక్టోబరు తర్వాతే. ఈలోగా పదిహేను, ఇరవై కిస్తీలు దేంతో కడతారు? పాడి, కూలి డబ్బులు లేకపోతే కిస్తీ కోసం ఇంకో అప్పు చేయాల్సిందే. గ్రూపు పూచీ ఉంటే మీరు ఆగిన వారం పక్కింటామె కట్టాలి. సగం గొడవలు మొదలయ్యేది అక్కడే.

అయినా తీసుకోక తప్పదంటే, రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న నిబంధనలు గుర్తుంచుకోండి. మీ ఇంటి అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నెలకు రూ.15,000 వస్తే రూ.7,500 వరకే. అందుకే పాత అప్పులు దాచకండి. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన ఏడాది శాతం రాసిన కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వారం బదులు నెల కిస్తీ కావాలని అడగండి. మీ వీలును బట్టి గడువులు మార్చే విధానం ప్రతి సంస్థకూ ఉండాలి. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. వసూలు సిబ్బంది ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. వేధిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, వివరాలకు 14448.

అసలు ముందు వెళ్లాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం రూ.3 లక్షల దాకా 7 శాతానికే వస్తుంది, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అంటే నూటికి 33 పైసలు. రూ.2 లక్షల వరకు భూమి తనఖా కూడా అడగకూడదు. పట్టా లేని కౌలు రైతుకు ఈ దారి కష్టమే. అలాంటి ఇంటికి పొదుపు సంఘమే దిక్కు. సంఘం పుస్తకాలు సక్రమంగా రాసి ఉంటే బ్యాంకు లింకేజీ రుణం అడగవచ్చు, లేదా సంఘం పొదుపులోంచే తీసుకోవచ్చు. ఆ వడ్డీ తిరిగి మీ సంఘానికే చేరుతుంది. ఈ వారం మీటింగులో తీర్మానం రాయిస్తే విత్తే నాటికి డబ్బు అందే వీలుంటుంది.