నల్లమలలో అతిథి

ఏనుగుల వీరాస్వామిగారు కాశీయాత్రకు బయలుదేరి 1830లో అహోబిలము మీదుగా శ్రీశైలమునకు పోయిరి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను అనునవి ఆ కాలినడకదారి మజిలీలు. నేడు దోర్నాలలో కాఫీ త్రాగి కారెక్కినవాడు రెండు గంటలు గడువకమునుపే మల్లన్న గోపురమును చూచుచున్నాడు. ఈ సౌకర్యమును నిందించుట తగదు. వృద్ధులకును రోగులకును దర్శనభాగ్యము కలిగించినది ఈ ఘాటు రోడ్డే. అయినను ఆ రెండు గంటలలో తాను దాటివచ్చినది ఏమో అతనికి తెలియదు. తెలియలేదన్న చింత కూడ లేదు. నేటి యాత్రకు పట్టిన జబ్బు ఇదియే.

పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెను. మెట్లు కట్టించినవాడు కొండను తొలగింపలేదు. ఎక్కువానికి ఊపిరి తీసికొను చోటు చూపెను, అంతే. ఉగాదికి కన్నడ దేశమునుండి వచ్చు భక్తులు వేలాదిగా నేటికిని ఈ అడవిలో నడచియే వత్తురు. అట్లని నడచువాడెల్ల పుణ్యాత్ముడని అనరాదు. వారి వెనుక ప్లాస్టిక్ సీసాలు, పొట్లాల కాగితములు, సరిగా ఆర్పని పొయ్యిలు మిగులుచున్నవి. వేసవి ముంగిట ఎండుటాకుల నడుమ ఒక్క నిప్పుకణిక ఏమి చేయగలదో అటవీశాఖ కాపలాదారు నడిగిన చెప్పును.

అడవి వేరు, క్షేత్రము వేరు అనుకొనుట పట్టణవాసుల భ్రమ. శ్రీశైల ప్రాకారముపై చెక్కిన శిల్పములలో వేటదృశ్యములు కలవు. అచ్చటి మల్లికార్జునుడు చెంచులకు చెంచు మల్లయ్య. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి వారికి బావ అయినాడు. కనుమనాడు మొదలగు పార్వేట ఉత్సవమున స్వామి సుమారు నలుబది దినములు చుట్టుపట్ల ఊళ్లు తిరిగి, తన పెండ్లికి జనమును పిలుచుకొని వచ్చును. దేవుడే పల్లకి యెక్కి పల్లెపల్లెకు పోయి పిలుచు సీమలో యాత్రికుడు కారు అద్దమైనను దింపకుండ పోవుచున్నాడు!

నాగార్జునకొండ కథ ఎరిగినవారికి ఈ వెలితి మరింత బాగుగ తెలియును. 1926లో వెలుగులోనికి వచ్చిన ఆ లోయ ఇక్ష్వాకుల విజయపురి. మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగవ వైపున కృష్ణ. కాశ్మీర, గాంధార, చీనా దేశములలో ధర్మము బోధించిన సింహళాచార్యుల ప్రసక్తి అచ్చటి శాసనమున కలదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు రానున్న నీటితో పందెము వేసికొనినట్లు ఆ లోయను త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని విప్పి తెచ్చి కొండమీదను, అనుపులోను మరల నిలిపిరి. సాగరము నిండెను, కొండ ద్వీపమయ్యెను. బీళ్లు మాగాణులైనవి. ఆ అన్నము తినుచు ఆనకట్టను తిట్టుట కృతఘ్నత. కాని నేడు లాంచి దిగి ఆ స్తూపముల చుట్టు తిరుగువాడు చూచునది రాళ్లను మాత్రమే. భిక్షువు విహారమునుండి నదీతీరమునకు నడచిన బాట, ఆ బాట ప్రక్క అంగడి, అంగడి వెనుక పొలము అన్నియు నీటి అడుగున ఉన్నవి. రాయిని తరలించిరి. రాయికిని నేలకును గల చుట్టరికము తరలి రాలేదు.

ఇప్పుడు ఆ పని మనుష్యుల విషయమున జరుగుచున్నది. 1983లో పులుల ప్రాజెక్టు క్రిందికి వచ్చిన ఈ అరణ్యములో తెలంగాణ భాగము 2014 రాష్ట్రవిభజన తరువాత అమ్రాబాదు పేర వేరైనది. పులికి జనసంచారము లేని అడవి కావలెనని చెంచుపెంటలను వెలుపలికి తరలించు ప్రయత్నములు సాగుచున్నవి. చట్టము వారి సమ్మతి కోరుచున్నది. బడియు వైద్యుడును దగ్గర కావలెనని తామై పోగోరు కుటుంబములు ఉండవచ్చును. అట్టివారిని అడవిలోనే ఉండుమని శాసించుటకు పట్టణపు రసికునకు అధికారము లేదు. కాని పోవువారు విడిచిపెట్టునది ఎంత? కొండచరియ నుండి తేనెకు దిగు చెంచు నడుము తాడును పైన అతని బావమరిది పట్టుకొనును. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరువాడు గనుక తాడు విడువడని వారి నమ్మకము. చరియ లేని కాలనీలో ఆ నమ్మకమునకు పని యేమి? నష్టపరిహారపు పట్టికలో దీనికి గడి లేదు. అడుగుజాడ చూచి పులి ఎటు పోయినదో చెప్పగల చెంచులను అటవీశాఖయే కాపలాకు పెట్టుకొనుచున్నది గదా! పెంటలోని పది గుడిసెల వలన పులికి భంగమట. వారాంతమున దుమ్ము రేపుకొని వచ్చు జీపుల వలన కాదట!

యాత్రలు మానవలెనని దీని భావము కాదు. కన్నులార చూడని అడవిని ఏ ప్రజయు కాపాడుకొనదు. రాత్రివేళ ఘాటు రోడ్డును మూయుట ఇప్పటికే ఉన్నది. పగటి బండ్లకును ఒక లెక్క ఉండవలెను, రోడ్డు వెడల్పు ఇంతటితో నిలువవలెను. అడవిలో దారి చూపువాడు చెంచు కావలెను. చూపినదానికి వసూలైన రుసుములో మొదటి వాటా అతని పెంటకు చేరవలెను. నెలకు ఎంత వచ్చినది, ఏ పెంటకు ఎంత ముట్టినది మన్ననూరు చెక్‌పోస్టు వద్ద ఒక బల్లపై తెలుగులో వ్రాసి పెట్టిన చాలును. టిక్కెట్టు ధరల ప్రక్కనే వ్రాయవచ్చును.