కాళ్ళ కింది వెచ్చదనం

ఆదిలాబాద్ చలి సంగతి మన మిత్రులకు వేరే చెప్పాలా? డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 5 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో బండల మీద చాప పరుచుకొని పడుకునేవాళ్ళం. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వెన్నులోంచి చలి ఎక్కేది. బండ మన ఒంటి వేడిని లాగేసుకుంటూనే ఉంటుంది మరి! మేము పైనుంచి వచ్చే చలిని ఆపుతున్నాం, అది కిందినుంచి వస్తున్నది.

అయితే నేలనే వెచ్చబరిస్తే? ఇది కొత్త ఊహేమీ కాదు. రోమనులు పొట్టి స్తంభాల మీద గచ్చును నిలబెట్టి, దాని కింద పొయ్యి వేడిని పారించారు. కొరియా వారి 'ఒందోల్' ఇళ్ళలో పొయ్యి సెగ బండల కింది దారుల గుండా సాగి, పొగగొట్టంలోంచి బయటపడేది. కాశ్మీర్ హమామ్‌లదీ ఇదే కిటుకు.

ఈనాటి పద్ధతి మరింత శుభ్రం. వేడి భూమిలోకి దిగకుండా అడుగున ఒక పొర, దానిపై మెలికలుగా ప్లాస్టిక్ గొట్టాలు, ఆపైన కాంక్రీటు, బండలు. గొట్టాల్లో 35-45 డిగ్రీల నీరు తిరిగితే చాలు, నేల 29 డిగ్రీలు దాటనక్కరలేదు. మామూలు హీటరు వేడి కప్పుకెక్కుతుంది, కాళ్ళు చల్లగానే ఉంటాయి. ఇక్కడ వెచ్చదనం కాళ్ళ దగ్గరే మొదలు. తలుపులు మూసి కుంపటి పెట్టుకుంటే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ భయమూ ఇందులో లేదు.

"రెండు నెలల చలికి ఇంత ఖర్చా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉన్న గచ్చు పగలగొట్టమని నేననను. కొత్తగా కట్టే భవనాల మాటే చెబుతున్నాను. మన చలికాలంలో రాత్రి ఎంత చలో పగలు అంత ఎండ. డాబా మీది సోలార్ హీటరు నీటిని పగటిపూట గొట్టాల్లో తిప్పితే, కాంక్రీటు ఆ వేడిని దాచుకొని రాత్రి నెమ్మదిగా ఇస్తుంది.

ఇక రామగుండం ఎండలకు? అవే గొట్టాల్లో చల్లని నీరు తిప్పవచ్చు. ఉక్కపోత రోజుల్లో గచ్చు చెమ్మగిల్లకుండా చూసుకోవాలి, అంతే. హైదరాబాదు శివారు పోచారంలో ఇన్ఫోసిస్ వారు 2011లో ఒక భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి కప్పులో చల్లనీటి గొట్టాలు అమర్చి పోల్చి చూశారు. గొట్టాలున్న సగంలో కరెంటు సుమారు మూడోవంతు తక్కువ ఖర్చయింది.

ఇది బంగళాల సోకు అనుకుంటే పొరపాటు. ముందుగా కావలసింది నేల మీద పడుకునే పిల్లలున్న ఏజెన్సీ హాస్టళ్ళలో. అది అయ్యేదాకా కనీసం ప్రతి పిల్లవాడికీ ఒక మంచం, ఒక పరుపు ఇవ్వడం మన ధర్మం కాదా? ఫిజిక్సు లాబులో లీ డిస్కు పెట్టి ఉష్ణవాహకత కొలిచే మిత్రులారా, ఆ లెక్కను రికార్డు పుస్తకంలోనే వదిలేయకండి. సింగరేణి బొగ్గుతో రామగుండంలో కరెంటు పుడుతున్నది. మన నేల కింది బొగ్గు ఎన్నో ఊళ్ళకు వెలుగిచ్చింది. ఆ నేల మీద నిద్రపోయే పిల్లవాడికి కాస్త వెచ్చదనం ఇవ్వలేమా?