జాడ చదవడం చదువు కాదా?

మన పిల్లాడు పరుగు పందెంలో గెలిస్తే "వీళ్లకు కాళ్లలో బలం ఎక్కువ" అంటారు. లెక్కల్లో ఫస్టు వస్తే ఆశ్చర్యపోతారు. ఈ మెచ్చుకోలూ ఆ ఆశ్చర్యమూ ఒకే చిన్నచూపు నుంచి పుట్టినవి. దీనికి మనం జవాబు చెప్పాలి.

మనిషి జింకంత వేగంగా పరుగెత్తలేడు. కానీ చాలాసేపు పరుగెత్తగలడు. ఒళ్లంతా చెమట పట్టి వేడి తగ్గుతుంది. జింక ఎక్కువగా రొప్పి ఒళ్లు చల్లబరచుకుంటుంది. దౌడు తీస్తూ సరిగా రొప్పలేదు. మండుటెండలో వదలకుండా తరిమితే వేడెక్కి కూలబడుతుంది. దూరం పరుగెత్తడమే ఆదిమానవుల శరీరాన్ని ఇలా మలిచిందని 1984లో డేవిడ్ క్యారియర్, 2004లో బ్రాంబుల్, లీబర్‌మన్ వాదించారు. శాస్త్రవేత్తలందరూ దీన్ని ఒప్పుకోలేదు. అయినా ఒక్క మాట ఖాయం. చెమట పట్టే ఈ ఒళ్లు, ఈ కాళ్లు మనుషులందరివీ. అడవిలో ఉండేవాళ్లకు వేరే కాళ్లు లేవు.

మరి వేట దేనితో సాగింది? ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో లూయీ లీబెన్‌బర్గ్ శాన్ వేటగాళ్ల వెంట నడిచి, 2006లో దాని గురించి రాశాడు. దాదాపు 40 డిగ్రీల ఎండలో, గంటల తరబడి, కూడూ అనే పెద్ద జింకను తరిమారు. జింక మాటిమాటికీ కనుమరుగవుతుంది. అప్పుడు ఇసుకలో జాడ చూడాలి. మందలో కలిసిపోయిన ఆ ఒక్కదాని గిట్ట గుర్తు పట్టాలి. జాడ తెగితే ఎటు పోయిందో ఊహించాలి, వెళ్లి చూడాలి, తప్పయితే ఊహ మార్చుకోవాలి. సైన్సు పీరియడ్‌లో మేం చెప్పే పాఠం ఇదే కదా! సైన్సుకు మొదలు జాడ పట్టడమేనని లీబెన్‌బర్గ్ 1990లోనే ఒక పుస్తకం రాశాడు.

ఇంత తెలివి ఉన్న శాన్ ప్రజల్లో చాలామందిని 1997లో, 2002లో బోట్స్‌వానా ప్రభుత్వం సెంట్రల్ కలహారి అభయారణ్యం నుంచి ఖాళీ చేయించింది. 2002లో వాళ్ల ఇష్టం లేకుండా వెళ్లగొట్టడం తప్పని 2006 డిసెంబరులో అక్కడి హైకోర్టు చెప్పింది. కాళ్లను పొగిడి, తలను లెక్కచేయని లోకం నేలను కూడా లాక్కుంటుంది. మనకిది కొత్త సంగతి కాదు.

వేటకు పొమ్మని మనం అనడం లేదు. 1972 చట్టం దాన్ని నిషేధించింది. మనం అడిగేది తెలివికి గౌరవం. టీచర్లారా, జాడ చదవగలిగిన తాతను ఒకరోజు బడికి పిలుద్దాం, పిల్లల ముందు కుర్చీ వేద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి. ఇంకెప్పుడూ ఆయన్ని చదువురానివాడు అనకండి.