తోటను కాచే చదువులు

హనుమకొండ నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము నా ముందున్నది. కుమార్తె బైపీసీ ముగించి నీట్ పరీక్ష రెండుసార్లు వ్రాసింది. సీటు రాలేదు. మూడవసారి కూడా లాంగ్ టర్మ్ కోచింగుకు పంపాలని తండ్రి పట్టుదల. అమ్మాయి మాత్రం ఫారెస్ట్రీ చదువుతానంటున్నది. అడవుల చదువు ఆడపిల్లకెందుకు, సంఘములో అడిగినవారికి ఏమని చెప్పుకోవాలి అని ఆ తల్లి వేదన. సాయంకాల ప్రార్థన కూడా ఈ మాట దగ్గరకు వచ్చేసరికి కన్నీళ్ళతో ఆగిపోతున్నదట. ఇది ఒక్క ఇంటి బాధ కాదు గనుక ఈ నెల ఇక్కడే జవాబు వ్రాస్తున్నాను.

ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు మొదటి మనుష్యునికి ఇచ్చిన ఉద్యోగమేమిటో చూడండి. తోటలో సేద్యం చేయడం ఒకటి, దానిని కాపాడడం మరొకటి. సేద్యానికి మనకు ఏనాటినుండో కాలేజీలున్నాయి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. కాపాడే పనికి సంబంధించినదానినే నేడు ప్రకృతి వనరుల నిర్వహణ అంటున్నారు. నేలను, నీటిని, అడవిని, చేపను వాడుకుంటూనే తరువాతి తరానికి మిగిల్చే విద్య అది.

తల్లిదండ్రులు డిగ్రీ పేరు విని బెదిరిపోతారే గాని, మొదటి సంవత్సరములో ఏమి నేర్పుతారని అడగరు. అడగవలసినది అదే. ఫారెస్ట్రీలో మొదట చెట్లను గుర్తుపట్టడం నేర్పుతారు. ఆకు రాలిపోయినా బెరడు చూచి ఇది నల్లమద్ది, ఇది ఏగిస అని చెప్పగలగాలి. మన శేషాచలం కొండల ఎర్రచందనం ప్రపంచములో మరే దేశములోనూ తనంతట తాను ఎందుకు పెరగదో అప్పుడు ఆలోచిస్తారు. తరువాత కొలతలు. నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున, అంటే మనిషి రొమ్ము ఎత్తున, చెట్టు చుట్టుకొలత తీసి, అందులో కలప ఎంతో లెక్క కడతారు. అడవి ఏడాదికి ఎంత పెరుగుతుందో తెలిస్తేనే ఎంత కొట్టవచ్చునో తెలుస్తుంది. అసలు ముట్టకుండా వడ్డీతో ఇల్లు గడుపుకోవడం వంటిదే ఈ శాస్త్రము. లెక్కలు వదిలించుకున్నామనుకొన్న బైపీసీ పిల్లలకు ఇక్కడ స్టాటిస్టిక్స్ ఎదురై కాస్త ఏడిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి పంపండి.

నేల పాఠము నాకు మరీ ఇష్టము. గుప్పెడు మన్ను తడిపి బొటనవ్రేలితో నొక్కితే, బంకమన్ను రిబ్బనులాగా సాగుతుంది, ఇసుక నేల విరిగిపోతుంది. ఈ చిన్న పరీక్షతోనే ఆ పొలము నీటిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో ఊహించవచ్చు. చెట్లు లేని వాలు మీద వాన పడితే పైమన్ను ఎలా కొట్టుకుపోతుందో, ఊరి చెరువు ఎందుకు పూడిపోతుందో అక్కడినుండే బోధపడుతుంది. ఎంపీసీ చదివినవారు ఇదే విద్యను వ్యవసాయ ఇంజనీరింగులో మరో దారిన నేర్చుకుంటారు.

చేపల శాస్త్రము మాట కూడా చెప్పాలి. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991 నుండి మత్స్య కళాశాల ఉన్నది. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే రైతు తెగులనుకుంటాడు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దానిని వాడుకున్నదని చదివిన పిల్లవాడు చెప్పగలడు. ఆ ఒక్క మాట ఆ రైతు సంవత్సరపు కష్టాన్ని నిలబెట్టవచ్చు.

సంఘములో ఏమని చెప్పాలంటారా? శామ్ హిగ్గిన్‌బాటమ్ అనే మిషనరీ గురించి చెప్పండి. అలహాబాదులోని క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రము బోధించిన ఆయన, పల్లె పేదరికము చూచి, స్వయంగా వ్యవసాయము చదువుకొని వచ్చి, యమునా తీరాన నైనీలో వ్యవసాయ విద్యాలయము స్థాపించాడు. కుష్ఠు రోగుల ఆశ్రమాన్ని చూచుకొన్నవాడూ ఆయనే. ఆయనకు రోగికి చేసే సేవ, నేలకు చేసే సేవ వేరుగా కనబడలేదు. ఆ సంస్థ నేడు ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయముగా ఉన్నది.

ఆడపిల్లకెందుకంటే, భారత అటవీ సర్వీసులో స్త్రీలు 1980లోనే చేరారు. అయితే ఉన్న మాట చెప్పాలి. ఫారెస్ట్రీ డిగ్రీ చేతికి రాగానే ఆఫీసరు కారు. ఆ సర్వీసు పరీక్షకు వృక్షశాస్త్రము, వ్యవసాయము, ఇంజనీరింగు చదివినవారు కూడా పోటీకి వస్తారు. రాష్ట్ర అటవీ శాఖ ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. జామాయిల్, సుబాబుల్ తోటలు పెంచించే కాగితపు మిల్లులు, వాటర్‌షెడ్ పథకాలు, నర్సరీలు, పై చదువులు ఇతర దారులు. ఎండలో నడవడం, క్యాంపులలో ఉండడం చదువులోనే భాగము. అది అమ్మాయికి ఇష్టమా అని ఆమెనే అడగాలి, బంధువులను కాదు. తండ్రిగారికి కూడా ఒక మాట. మెడిసిన్ సీటు రాకపోవడము దేవుడు ప్రార్థన త్రోసివేశాడనడానికి గుర్తు కాదు. మూడవ ఏడు కూడా ఆ గదిలో కూర్చోబెట్టేముందు, ఒక పూట అమ్మాయి చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.

2016లో ప్రారంభమైన తెలంగాణ అటవీ కళాశాల సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్నది. సమ్మక్క జాతర జరిగే ములుగు జిల్లా అనుకొని ఆ బస్సు ఎక్కకండి! ప్రైవేటు కాలేజీలైతే భారత వ్యవసాయ పరిశోధనా మండలి గుర్తింపు ఉన్నదో లేదో కాగితము మీద చూపమనండి. అమ్మాయిని వెంట తీసుకువెళ్ళి, ఆఫీసు గదికంటె ముందు నర్సరీ, ప్రయోగశాల చూడండి. మొదటి సంవత్సరము పిల్లలతో ఆమెను ఒక గంట మాట్లాడనివ్వండి. నీట్ ధ్యాసలో పడి ఈఏపీసెట్ దరఖాస్తు గడువు దాటిపోనివ్వకండి. ఆ ఏటి నోటిఫికేషన్‌లో ప్రవేశాల పద్ధతి, స్థానికత నిబంధనలు చదివి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.